.44 వెతుక్కుంటూ పోయి .32 దగ్గర ఆగాను: తిరుపతిలో రివాల్వర్ ఎంపిక, నా అనుభవం

నాకు కావలసింది చిన్న సంగతే. నెలకు రెండుసార్లు షూటింగ్ రేంజ్‌కి వెళ్లి, 25 మీటర్ల దూరంలో కాగితపు టార్గెట్ మీద కాల్చుకోవడానికి ఒక పెద్ద బోరు రివాల్వర్. బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు; .44, .32 అనేవి దాన్ని సుమారుగా అంగుళాల్లో చెప్పే పేర్లు. ఆత్మరక్షణ కోసం కాదు, చేలో అడవిపందుల బెడద కోసమూ కాదు. ఇలా అనుకున్నవాళ్లంతా మొదట వెతికేది .44 మాగ్నమే (మాగ్నమ్ అంటే మామూలు కంటే బలమైన తూటా), నేనూ అదే వెతికాను. చివరికి .32 తీసుకున్నాను. రాజీ పడ్డానని కొందరు అన్నారు. బోరు, బ్రాండు, లైసెన్సు, రేంజ్ అనే వరసలో మొదలుపెడితే అది రాజీలాగే కనిపిస్తుంది. నిజానికి ఆ వరస తిరగేసి పట్టుకోవాలి: ఎక్కడ కాలుస్తాం, లైసెన్సు మీద ఏం రాసిస్తారు, ఏ తూటా దొరుకుతుంది, ఆ తర్వాతే ఏ రివాల్వర్ అన్నది.

ముందు పెద్ద బోర్ల లెక్క. .45 కోల్ట్ 1873 నాటిది, .357 మాగ్నమ్ 1935లో వచ్చింది, .44 మాగ్నమ్ 1950ల నడుమ, .500 స్మిత్ అండ్ వెసన్ 2003లో. తూటా బరువు, వేగం చూస్తే తేడా తెలుస్తుంది. .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్‌లో 98 గ్రెయిన్ల గుండు, అంటే 6.35 గ్రాములు, సెకనుకు 215 మీటర్ల ప్రాంతంలో పోతుంది. శక్తి 150 జౌళ్లకు కాస్త అటూఇటూ. .357లో 158 గ్రెయిన్ల గుండు 700 జౌళ్ల దాకా ఇస్తుంది. .44 మాగ్నమ్‌లో 240 గ్రెయిన్ల గుండు 1,200 జౌళ్లు దాటుతుంది. చేతికి తగిలే దెబ్బ గుండు శక్తిని బట్టి కాదు. గుండు, మందు కలిపి వెనక్కి ఎంత తోస్తాయి, రివాల్వర్ ఎంత బరువుంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. 700 గ్రాముల .32తో పోలిస్తే 1.3 కిలోల .44 చేతిలో తన్నే శక్తి పదిరెట్లకు పైనే. ఆరు తూటాలకు సరదాగానే ఉంటుంది. ముప్పయ్యో తూటాకు చెయ్యి ముందే భయపడటం మొదలుపెడుతుంది, ట్రిగ్గర్ నొక్కే క్షణంలో రివాల్వర్ మూతి కిందికి వంగుతుంది. టార్గెట్ మీద గడియారంలో ఏడు గంటల దిక్కున, అంటే కింద ఎడమవైపు, వరసగా పడే గుండ్లు కుడిచేతివాటం వాళ్ల భయానికి గుర్తు. విదేశాల్లో .44 ఉన్నవాళ్లు కూడా సాధనలో ఎక్కువగా .44 స్పెషల్ కాలుస్తారు, .357 ఉన్నవాళ్లు .38 స్పెషల్ కాలుస్తారు. అవే అరల్లో పట్టే పొట్టి, మెత్తని తూటాలు కాబట్టి.

ఇక చట్టం. మన దగ్గర చాలామంది 'పెద్ద బోరంటే ప్రొహిబిటెడ్ బోరు' అనుకుంటారు. అది సరికాదు. ఆయుధ నిబంధనల షెడ్యూలులో నిషిద్ధ బోరు అంటే .380, .455 అంచున్న (అడుగున బయటికి పొడుచుకొచ్చిన చుట్టు ఉన్న) తూటాలు గానీ, సైన్యం వాడే 9 ఎంఎం, .45 అంచులేని తూటాలు గానీ అరలో పట్టి పేల్చగల పిస్టళ్లు, రివాల్వర్లు. 'పట్టి పేల్చగల' అన్న మాటే కీలకం. తాతలనాటి .455 వెబ్లీ దీని కిందికి వస్తుంది. .357, .44 మాగ్నమ్ పేర్లు అందులో లేవు. అలాగని అవి అంగట్లో దొరుకుతాయా అంటే, లేదు. ఇక్కడ తయారు కావు, మామూలు లైసెన్సుదారు విదేశం నుంచి తెప్పించుకునే దారి మూసుకుపోయి దశాబ్దాలైంది. ఎప్పుడో వచ్చినవి చేతులు మారుతుంటాయి, ధర అసలు విలువకు ఎన్నో రెట్లు. వాటికి తూటా సంగతి ఇంకా కష్టం. డజను తూటాలు కొనడానికే ఊళ్లు తిరగాల్సిన రివాల్వర్‌తో సాధన ఎట్లా చేస్తాం? బీరువాలో పెట్టుకుని చూసుకోవడానికైతే సరే.

అందుకే మిగిలింది మన కర్మాగారాలు చేసే .32. దీన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు. అంతర్జాతీయ 25 మీటర్ల సెంటర్ ఫైర్ పిస్టల్ పోటీలో అనుమతించే బోరు 7.62 నుంచి 9.65 మిల్లీమీటర్ల దాకా. అందులో ఎక్కువమంది ఎంచుకునేది .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగే. ప్రిసిషన్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం 50 మిల్లీమీటర్లు, నల్లటి భాగం మొత్తం 200 మిల్లీమీటర్లు. ఆ 50 మిల్లీమీటర్లలో పెట్టడానికి 150 జౌళ్లు చాలు, 1,200 అక్కర్లేదు.

లైసెన్సు పని కలెక్టరేట్‌ది. 2022 ఏప్రిల్ 4న జిల్లా విడిపోయాక చంద్రగిరి, శ్రీకాళహస్తి వైపువాళ్లు తిరుపతి కలెక్టరేట్‌కి, కుప్పం వైపువాళ్లు చిత్తూరు కలెక్టరేట్‌కి వెళ్లాలి. పాత చిత్తూరు జిల్లా చిరునామాతో ఆధార్, కొత్త జిల్లా పేరుతో ఇంకో పత్రం పెడితే ఫైలు అక్కడే ఆగుతుంది. దరఖాస్తుకు ముందే రెండిట్లో ఒకే చిరునామా ఉండేట్టు చూసుకున్నాను. దరఖాస్తు ఫారం ఏ-1. దానికి గుర్తింపు, నివాసం, వయసు రుజువులు, ఫొటోలు, డాక్టరు సర్టిఫికెట్, ఆయుధాన్ని ఇంట్లో భద్రంగా ఉంచుతానన్న హామీపత్రం, వాడకంలో శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్ జతచెయ్యాలి. 21 ఏళ్లు నిండాలి. కారణం అన్న గడిలో చాలామంది అలవాటుగా 'ప్రాణరక్షణ' అని రాసేస్తారు. అప్పుడు విచారణకు వచ్చిన ఎస్సై, మీకెవరితో గొడవ, ఎక్కడ కేసు పెట్టారు అని అడుగుతాడు. దానికి జవాబుండదు. టార్గెట్ షూటింగ్ కోసమైతే అదే రాయాలి, రైఫిల్ క్లబ్ సభ్యత్వం కాగితం దానికి తోడు పెట్టాలి. సభ్యత్వం ముందు, దరఖాస్తు తర్వాత.

లైసెన్సు చేతికి రాగానే మూడు గడులు చదవాలి. ఒకటి, ఆయుధం వివరణ: 'రివాల్వర్ .32' అని ఉందా, ఉత్త 'ఎన్‌పీబీ (నిషిద్ధం కాని బోరు) రివాల్వర్/పిస్టల్' అని ఉందా. రెండు, తూటాల సంఖ్య: ఒకసారికి ఎన్ని, ఏడాదికి ఎన్ని. మూడు, చెల్లుబాటు ప్రాంతం. ఈ మూడోది మన తిరుపతివాళ్లకు చాలా ముఖ్యం. మంచి రేంజ్ కోసం మనవాళ్లు చూసేది చెన్నై వైపే, 140 కిలోమీటర్ల లోపు. కానీ నగరి దాటితే తమిళనాడు. లైసెన్సు మీద ఆంధ్రప్రదేశ్ వరకే అని ఉంటే బ్యాగులో రివాల్వర్‌తో ఆ గీత దాటడం నేరం, రేంజ్ సభ్యత్వం ఉన్నా సరే. ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత లైసెన్సు గడువు ఐదేళ్లు, ఒకరి దగ్గర ఉండదగిన ఆయుధాలు రెండే. పెళ్లికో జాతరకో గాల్లోకి కాలిస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా కూడా ఆ సవరణే తెచ్చింది. లైసెన్సు ఉందని నడుముకు పెట్టుకుని కొండకు పోదామనుకోవద్దు, అలిపిరి తనిఖీలో ఆపేస్తారు.

తూటాల సంఖ్య ఎంపికను ఎలా మారుస్తుందో చెప్తాను. సెంటర్ ఫైర్ పోటీలో ఒక పూర్తి వరస 60 తూటాలు. లైసెన్సులో ఏడాదికి 100 అని రాసి ఉంటే, ఏడాది మొత్తానికీ రెండు పూటల సాధన కూడా రాదు. కాబట్టి కొనే రివాల్వర్ ఖాళీగా ట్రిగ్గర్ సాధన చెయ్యడానికి పనికొచ్చేదై ఉండాలి, అంటే ట్రిగ్గర్ బాగుండాలి. నాసిరకం ట్రిగ్గర్‌ను వెయ్యి తూటాలతో అలవాటు చేసుకునే సౌకర్యం మనకు లేదు. మధ్యమధ్య చెయ్యి నిలబడటానికి .177 ఎయిర్ పిస్టల్ వాడుకోవచ్చు. 20 జౌళ్ల లోపు శక్తి ఉన్నదానికి లైసెన్సు అక్కర్లేదు.

.32లో మన కర్మాగారాలవి ప్రధానంగా రెండు రకాలు. వెబ్లీ పద్ధతిలో పైనుంచి విరిచి తెరిచేవి. ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ పాత .32, 2014లో వచ్చిన టైటానియం మిశ్రమం 'నిర్భీక్' ఈ కోవవి. రెండోది సిలిండర్ (తూటాల అరలుండే తిరుగుడు భాగం) పక్కకు తెరుచుకునే రకం, 2023లో వచ్చిన 'ప్రబల్' లాంటిది. నిర్భీక్ అర కిలో బరువు. జేబుకు అది సుఖం, టార్గెట్‌కు మాత్రం మంచిది కాదు. బరువు తక్కువైతే చేతి వణుకంతా మూతికి పోతుంది. విరిచి తెరిచే రకంలో ఇంకో ఇబ్బంది, గొళ్లెం. వందల తూటాల తర్వాత గొళ్లెం, కీలు అరిగి బ్యారెల్ పైకీ కిందికీ కదులుతుంది. గురి చూసే వెనక సైట్ ఆ గొళ్లెం మీదే ఉంటే గ్రూప్, అంటే గుండ్లు పడే గుంపు, కూడా కదులుతుంది. పక్కకు తెరిచే రకానికి గట్టిదనం ఎక్కువ, అందుకే నేను దానివైపు మొగ్గాను.

బ్యారెల్ పొడవు సంగతి ఒక లెక్కతో తేలిపోతుంది. ముందు సైట్‌కీ వెనక సైట్‌కీ మధ్య దూరం 100 మిల్లీమీటర్లనుకోండి. సైట్లు కలపడంలో ఒక మిల్లీమీటరు తప్పితే 25 మీటర్ల దగ్గర 250 మిల్లీమీటర్లు తప్పుతుంది, అంటే గుండు నల్లటి భాగం దాటి తెల్లకాగితంలో పడుతుంది. అదే దూరం 200 మిల్లీమీటర్లైతే తప్పు 125కి తగ్గుతుంది. కాబట్టి టేపుతో కొలవాల్సింది బ్యారెల్‌ని కాదు, సైట్ల మధ్య దూరాన్ని. దొరికేవాటిలో ఏది ఎక్కువుంటే అది.

ఇక డీలరు బల్ల దగ్గర. ఇక్కడే తొందరపడకూడదు. నేను తీసుకెళ్లినవి: ఫీలర్ గేజ్, చిన్న టార్చి, తెల్లకాగితం ముక్క, స్ప్రింగ్ తక్కెడ, ఆరు స్నాప్ క్యాపులు (సాధనకు వాడే ఉత్తుత్తి తూటాలు), సన్నని కొలతలకు వెర్నియర్. ఫీలర్ గేజ్ అంటే బైక్ మెకానిక్కులు వాల్వ్ సెట్టింగుకు వాడే, సందు కొలిచే పలచటి రేకుల కట్టే, ప్రత్యేకంగా కొనక్కర్లేదు. చూసిన రివాల్వర్లు మూడు, అందులో ఒకటి ఎవరో వాడి తిరిగిచ్చినది. ముందుగా తెరిచి ఆరు అరలూ ఖాళీ అని కళ్లతో చూసి, వేలితో తడిమి, ఆ తర్వాతే మిగతా పనులు. డీలరు ఖాళీ అని చెప్పినా, ఇది మనం చెయ్యాల్సిందే.

మొదటి పరీక్ష టైమింగ్. స్నాప్ క్యాపులు పెట్టి, ఎడమ బొటనవేలు సిలిండర్ పక్కన ఆనించి కాస్త అడ్డుపెడుతూ హ్యామర్‌ను (తూటాను పేల్చే వెనక సుత్తిని) నెమ్మదిగా వెనక్కి లాగాలి. హ్యామర్ నిలబడేలోపే సిలిండర్ 'టక్' అని గాడిలో కూర్చోవాలి. ఆరు అరలకూ ఆరుసార్లు. వాడిన రివాల్వర్‌లో నాలుగో అర దగ్గర హ్యామర్ నిలబడింది గానీ ఆ చప్పుడు రాలేదు. వేలితో నెట్టితే అప్పుడు కూర్చుంది. అంటే ఆ అర బ్యారెల్‌కు ఎదురుగా రాకముందే తూటా పేలుతుంది, గుండు అంచు బ్యారెల్ మొదట్లో రాసుకుని సీసం చెక్కులు పక్కకు ఎగురుతాయి. పక్క లేన్‌లో నిలబడ్డ మనిషి చెంప మీద చురుక్కుమనేది అవే. దానికి ధర తగ్గిస్తానన్నారు, వద్దన్నాను.

రెండోది సందు, అంటే సిలిండర్ ముఖానికీ బ్యారెల్ మొదటికీ మధ్య ఖాళీ. సిలిండర్‌ను వెనక్కి నొక్కి పట్టి ఫీలర్ దూర్చి చూడాలి. 0.10 నుంచి 0.25 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. 0.15 దూరి 0.20 దూరకపోతే నిక్షేపం. 0.10 కంటే తక్కువైతే ముప్పై నలభై తూటాలకు మసి పేరుకుని సిలిండర్ బిగుసుకుంటుంది. 0.25 దాటితే వాయువు బయటికి పోతుంది, వేగం పడిపోతుంది, పొగ ఎక్కువ. తర్వాత సిలిండర్‌ను ముందుకు నొక్కి మళ్లీ కొలవాలి. రెండు కొలతల తేడాయే సిలిండర్ ముందు వెనకల ఆట. అది కంటికి కనిపించేంత ఉంటే ఆ రివాల్వర్ పక్కన పెట్టేయండి.

మూడోది బ్యారెల్ లోపలి భాగం. తెల్లకాగితాన్ని వెనక వైపు పెట్టి, టార్చి వెలుగు దాని మీద పడేట్టు చూసి మూతి నుంచి చూడాలి. గాళ్లు (గుండును తిప్పే మెలికల గాడులు) అంచులు తేలి, మెరుస్తూ చివరిదాకా సాగాలి. మధ్యలో ఎక్కడైనా నల్లటి ఉంగరంలా నీడ కనిపిస్తే, అక్కడ ఒక గుండు ఇరుక్కుని ఉండగా ఇంకొకటి కాల్చారని అర్థం, గొట్టం ఉబ్బింది. బయట చేత్తో తడిమితే తెలియకపోవచ్చు, నీడ మాత్రం దాగదు. మూతి అంచు మీద గీతలు, చిన్న సొట్టలు కూడా చూడాలి. గుండు ఆఖరున తాకేది ఆ అంచునే. ఆరు అరల నోళ్లను వెర్నియర్‌తో కొలిచాను. అసలు కొలత కంటే ఆరూ ఒకేలా ఉన్నాయా అన్నదే చూడండి. ఒక అర వెడల్పైతే ఆరు గుండ్లలో ఒకటి ఎప్పుడూ గుంపు వదిలి పడుతుంది, మనం చేతిని తిట్టుకుంటూ ఉంటాం.

నాలుగోది ట్రిగ్గర్. మూతి పైకి పెట్టి, హ్యామర్ ఎత్తి, స్ప్రింగ్ తక్కెడ కొక్కెం ట్రిగ్గర్ మధ్యలో తగిలించి నెమ్మదిగా లాగాలి. పోటీ నిబంధన ప్రకారం కనీసం 1,000 గ్రాములుండాలి. సరదా సాధనకు 1.5 నుంచి 2 కిలోల మధ్య బాగుంటుంది. కొత్త రివాల్వర్లలో ఒకటి 2.8 కిలోలు తూగింది, రెండోది 2 కిలోల కొస. ఒక్కసారి కాదు, ఐదుసార్లు లాగి చూడాలి. ఐదు లెక్కలూ దగ్గరగా ఉంటే లోపల అంచులు శుభ్రంగా ఉన్నట్టు. ఎత్తిన హ్యామర్‌ను వెనక నుంచి బొటనవేలితో గట్టిగా తోసినా పడకూడదు. పడితే అది ప్రమాదం, ఇక మాటల్లేవు. హ్యామర్ ఎత్తకుండా ఒకే లాగుడుతో కాల్చే డబుల్ యాక్షన్ వీటిలో చాలా బరువు. టార్గెట్‌కు దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

చివరికి పట్టు. కళ్లు మూసుకుని చెయ్యి చాచి గురిపెట్టి, కళ్లు తెరిచినప్పుడు ముందు సైట్ వెనక సైట్ గాడి మధ్యలో ఉండాలి. పక్కకు పోతే పిడి మన చేతికి కుదరనట్టే. చిన్న పిడికి చెక్కతో పెద్ద పిడి చేయించుకోవచ్చు, కానీ ట్రిగ్గర్ దాకా వేలు అందే దూరం పిడితో పెద్దగా మారదు. వేలి కొస కండ ట్రిగ్గర్ మీద పడాలి, కీలు మడత కాదు.

తూటాల దగ్గర ఒక మోసపోయే చోటుంది. .32 అనే పేరుతో ఇక్కడ ఎక్కువగా కనిపించేవి రెండు తూటాలు. రివాల్వర్‌ది అంచున్న లాంగ్, తూటా ఇత్తడి డొల్ల పొడవు 23.4 మిల్లీమీటర్లు. పిస్టల్‌ది 17 మిల్లీమీటర్లు, 7.65 అని కూడా అంటారు. ఆ పొట్టిది రివాల్వర్ అరలో దూరుతుంది, కానీ దానికోసం చేసిన అర కాదది. అంగట్లో '.32 ఇవ్వండి' అంటే ఏదో ఒకటి చేతిలో పెడతారు. డబ్బా మీద 'రివాల్వర్' అన్న మాట చూసి, ఒక తూటా తీసి కొలిచాకే పుస్తకంలో రాయించుకోండి.

మొదటి రోజు కాల్చినప్పుడు వచ్చిన ఇబ్బందులు రెండు. రెండు చేతులతో పట్టినప్పుడు ఎడమ బొటనవేలు ముందుకు జారి సిలిండర్ సందు పక్కకు వచ్చింది. పిస్టల్ అలవాటున్నవాళ్లంతా చేసే తప్పే ఇది. .32 కాబట్టి మసి చార, కాస్త మంటతో పోయింది. అదే .44 అయితే చర్మం చీరుకుపోయేది. బొటనవేలు కుడి బొటనవేలి గోరు మీద మడిచి పెట్టాలి. రెండోది, పదకొండో తూటాకు చప్పుడు మందంగా, 'తుస్సు'మన్నట్టు వచ్చింది, చేతికి తన్ను తగల్లేదు. అక్కడే ఆగిపోవాలి. మూతి టార్గెట్ వైపే ఉంచి అర నిమిషం ఆగి, తెరిచి, తూటాలన్నీ తీసేసి, కడ్డీ పెట్టి చూస్తే గుండు బ్యారెల్ నడిమిలో ఇరుక్కుని ఉంది. పాత తూటాల్లో మందు చెమ్మగిల్లితే ఇలా అవుతుంది. ఆ జోరులో పన్నెండోది కూడా నొక్కి ఉంటే, ఇందాక చెప్పిన నల్లటి ఉంగరం నా బ్యారెల్‌లోనే పడేది. మెత్తటి ఇత్తడి కడ్డీతో మూతి వైపు నుంచి వెనక్కి తట్టి తీశాం. అసలు పేలని తూటాకు కూడా ఇదే పద్ధతి, వెంటనే మళ్లీ ట్రిగ్గర్ నొక్కొద్దు. సిలిండర్ తిరిగి ఆ తూటా బ్యారెల్ ముందు నుంచి పక్కకు పోయాక పేలితే దాని దారి దానిది.

గ్రూప్ 25 మీటర్ల దగ్గర గురి కంటే 60 మిల్లీమీటర్లు కిందికి పడింది. సైట్లు కదలనివి కాబట్టి ముందు సైట్‌ను ఆకురాయితో అరగదీస్తే గుండు పైకి వస్తుంది. సైట్ల మధ్య 105 మిల్లీమీటర్లున్నప్పుడు 60 మిల్లీమీటర్లకు పావు మిల్లీమీటరు అరగదీత చాలు. ఒక్కసారే అంతా అరగదీయకండి, ఐదు తూటాలకోసారి కాస్త కాస్త. ఎక్కువ తీస్తే తిరిగి పెట్టలేం.

శుభ్రం చెయ్యడానికి కంచు బ్రష్షు, ద్రావకం, పాత బనీను గుడ్డ చాలు. బ్యారెల్ మొదట్లో పేరుకున్న సీసానికి రాగి తీగల పీచు వాడొచ్చు. గిన్నెలు తోమే స్టీలు పీచు మాత్రం వద్దు, గాళ్లు గీసుకుపోతాయి. తోలు హోల్స్టర్‌లో పెట్టి బీరువాలో పడేయకూడదు. తోలు పదునుపెట్టే లవణాలు చెమ్మను పీల్చి ఇనుముకు అంటిస్తాయి, వానాకాలం నెల తిరగకముందే తుప్పు మచ్చలు కనిపిస్తాయి.

ఎన్నికల షెడ్యూలు రాగానే స్టేషన్ నుంచి ఫోన్ వస్తుంది, రివాల్వర్ అప్పగించి రసీదు తీసుకోవాలి. 2024 మే ఎన్నికలకు ముందూ ఇదే జరిగింది. అక్కడ నెలల తరబడి ఇనుప బీరువాలో ఉంటుంది, ఎవరూ తుడవరు. ఇచ్చే ముందు బ్యారెల్‌కూ ఆరు అరలకూ చిక్కటి నూనె పూసి, నూనె గుడ్డలో చుట్టి, మీద ప్లాస్టిక్ సంచి కాకుండా బట్ట సంచి కట్టి ఇస్తాను. రసీదులో సీరియల్ నంబరు అంకెలన్నీ సరిచూస్తాను. తిరిగి తెచ్చుకున్నాక బ్యారెల్‌లోంచి పొడి గుడ్డ రెండుసార్లు లాగి, టార్చితో చూశాకే తూటా పెడతాను. నూనె మిగిలిపోతే మొదటి రెండు గుండ్లు ఎప్పుడూ వేరే చోట పడతాయి.